తెల్లబట్ట: సబ్జా నీళ్లకూ గర్భసంచి ఆపరేషన్‌కూ మధ్య

అనంతపురం, కర్నూలు, కడప పల్లెల్లో తెల్లబట్ట ఎక్కువగా అవుతోందని ఒక ఆడమనిషి నోరు విప్పి చెప్పిందంటే ఆమెకు రెండు రకాల జవాబులు దొరుకుతాయి. ఇంట్లో అవ్వ "వేడి చేసింటాదిలేమ్మా, సబ్జా నీళ్లు తాగు, రెండు దినాలు మజ్జిగన్నం తిను" అంటుంది. అప్పటికీ తగ్గక టౌనుకు పోతే, కొన్ని చోట్ల స్కానింగ్ తీసి "గర్భసంచి వాచింది, పుండు పడింది, ఇట్లే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది, తీసేస్తే పీడా పోతుంది" అంటారు. ఒకరు మరీ తేలిగ్గా తీసుకున్నారు, ఇంకొకరు మరీ భయపెట్టారు. రెండు చోట్లా జరగనిది మాత్రం ఒకటే. వస్తున్నది ఏమిటో, ఎందుకు వస్తోందో ఎవరూ సరిగా చూడలేదు.

నిజానికి తెల్లబట్ట అని మనం అనేదాంట్లో చాలా భాగం జబ్బే కాదు. జబ్బు అయినదాంట్లోనూ ఎక్కువ భాగం వారం రోజుల మందుతో తగ్గిపోయేదే. ఎక్కడో కొందరి విషయంలో మాత్రం ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. పైకి చూస్తే ఈ మూడూ ఒకేలా కనిపించడమే తంటా.

ముందు జబ్బు కానిదాని సంగతి. యోని లోపల ఎప్పుడూ కాస్త తడి ఉంటుంది, ఉండాలి కూడా. గర్భసంచి ముఖద్వారం దగ్గరి గ్రంథుల నుంచి జిగురు వస్తుంది, యోని గోడల నుంచి కొంత నీరు ఊరుతుంది, పాత కణాలు రాలుతుంటాయి. అన్నీ కలిసి రోజుకు సుమారు 1 నుంచి 4 మిల్లీలీటర్ల దాకా బయటికి వస్తాయి, అంటే ఒక టీస్పూను కూడా నిండదు. ఈ తడిలో లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. మన గిన్నెలో పాలను పెరుగు చేసే బ్యాక్టీరియాకు ఇది దగ్గరి చుట్టమే. లోపల లాక్టిక్ ఆమ్లం తయారుచేసి, పీహెచ్‌ను (పులుపును చెప్పే కొలత, అంకె తగ్గే కొద్దీ పులుపు ఎక్కువ) 3.8 నుంచి 4.5 మధ్య నిలబెడుతుంది. ఆ పులుపులో వేరే క్రిములు పెరగడం కష్టం. (అట్లాగని పెరుగు తీసుకుపోయి లోపల పూసుకోమని కాదు. యూట్యూబ్‌లో ఆ సలహా కూడా తిరుగుతోంది కాబట్టి చెప్పాల్సి వస్తోంది.)

ఈ పులుపు ఎంతుంటుందో మీ బట్టలే చెబుతాయి. నల్లవో, ముదురు నీలంవో లోదుస్తులు కొన్నాళ్లు వాడాక మధ్యలో రంగు వెలిసి గోధుమరంగు మచ్చ తేలుతుంది. దాన్ని చూసి ఇన్ఫెక్షన్ అని టెన్షన్ పడేవాళ్లు ఎందరో. అది ఆ ఆమ్లం చేసిన పని, ఒంట్లో అంతా సరిగ్గా ఉందనడానికి గుర్తు. అట్లే, తడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉన్నది లంగాకు అంటి ఆరిపోయాక లేత పసుపుగా కనిపిస్తుంది. రంగు చూడాలంటే తడిగా ఉన్నప్పుడే చూడాలి, ఆరిన మరకను కాదు.

నెల పొడుగునా ఇది ఒకేలా ఉండదు. బహిష్టు అయిపోయాక నాలుగైదు రోజులు పొడిగా ఉంటుంది. అండం విడుదలయ్యే రోజులు దగ్గరపడే కొద్దీ నీళ్లలా పలచనై, కోడిగుడ్డు తెల్లసొనలా వేళ్ల మధ్య సాగుతుంది. ఆ తర్వాత చిక్కబడి, తెల్లగా, కాస్త జిగటగా మారి మళ్లీ బహిష్టు దాకా అట్లే నడుస్తుంది. గర్భిణికి ఎక్కువవుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు, కాపర్ టీ వేయించుకున్నవాళ్లకు కొంత పెరగవచ్చు. ఆడపిల్ల పెద్దమనిషి కావడానికి ఆరు నెలలు, ఏడాది ముందు నుంచే తెల్లగా కనబడడం మొదలవుతుంది. పుట్టిన వారం లోపు పసికందుకు కూడా తల్లి హార్మోన్ల ప్రభావంతో తెల్లగానో, ఒక్కోసారి చుక్క నెత్తురుగానో కనిపించి దానంతటదే ఆగిపోతుంది. కాబట్టి ఇంత వస్తే మామూలు, ఇంతకు మించితే జబ్బు అనే కొలత లేదు. మీకు ఎప్పుడూ ఉండే తీరు మారిందా, దానికి దురద, మంట, చెడు వాసన, నెత్తురు, పొత్తికడుపు నొప్పి తోడయ్యాయా అన్నదే లెక్క.

ఇక్కడే ఒక పాత భయం అడ్డం వస్తుంది. తెల్లబట్ట పోతే ఒంట్లో బలమంతా పోతుందని, ఎముకలు కరిగి అట్లా కారుతున్నాయని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నడుము నొప్పి, కాళ్ల పీకుడు, నీరసం, కళ్లు తిరగడం అన్నీ దాని ఖాతాలోనే వేస్తారు. అందులో ఎముక లేదు, కరగడానికి బలమూ లేదు. నీరసానికి వేరే కారణం కళ్లెదుటే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. పొద్దున్నే లేచి ఇంటిపని ముగించి, వేరుశనగ చేలో వంగి పనిచేసి, అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషికి నడుము నొప్పి రావడానికి తెల్లబట్టే అక్కర్లేదు. వేలికి సూది గుచ్చి చేసే హిమోగ్లోబిన్ పరీక్షతో సగం ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

మిగతా సగం మనసుది కావచ్చు. గోవాలో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, తెల్లబట్ట అవుతోందని చెప్పే ఆడవాళ్ల బాధకు ఇన్ఫెక్షన్ల కంటే దిగులు, ఆందోళనలతోనే గట్టి సంబంధం కనబడింది. అంటే వాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు. ఇంట్లో బాధను బాధగా చెప్పుకునే వీలు లేనప్పుడు, ఆడ డాక్టరు ముందు కూర్చుని చెప్పుకోగలిగిన మాట ఇదొక్కటే అవుతుంది. "ఏమీ లేదు, పో" అని పంపేసే డాక్టరు ఆ మాటను సగమే విన్నట్టు లెక్క.

ఇక జబ్బులకు వద్దాం. ఎక్కువగా కనిపించేవి మూడు.

మొదటిది ఫంగస్, క్యాండిడా. దీని అసలు గుర్తు దురద. రాత్రి నిద్ర పట్టనివ్వనంత దురద, చుట్టూ ఎర్రగా కంది వాపు, మూత్రం తగిలితే చుర్రుమని మంట. వచ్చేది విరిగిన పాల ముక్కల్లా తెల్లగా, తరకలు తరకలుగా ఉంటుంది. వాసన పెద్దగా ఉండదు. ప్రతి నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వచ్చేదే ఇది. గర్భంతో ఉన్నప్పుడు, జ్వరానికో దగ్గుకో యాంటీబయాటిక్స్ వాడిన తర్వాత, స్టెరాయిడ్లు తీసుకునేవాళ్లకు ఎక్కువ. యాంటీబయాటిక్ మంచి బ్యాక్టీరియాను కూడా చంపేస్తుంది, ఆ ఖాళీలో ఫంగస్ పెరుగుతుంది. "ట్యాబ్లెట్ల వేడి" అని మన ఇళ్లలో అనుకునేదాంట్లో కొంత ఇదే.

ఇది మళ్లీ మళ్లీ వస్తోందంటే షుగర్ పరీక్ష చేయించుకోవాలి. షుగర్ ఉందని తెలియని ఎందరికో మొదట బయటపడే గుర్తు ఈ దురదే. ఇప్పటికే షుగర్ మందులు వాడేవాళ్లు ఒక్కసారి అట్ట తిప్పి మందు పేరు చూసుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు ఒంట్లోని చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపుతాయి. మంచి మందులే. కానీ ఆ చక్కెర తడి చర్మం మీద ఫంగస్‌కు మేత. మాత్ర మానేయకుండా ఆ విషయం డాక్టరుకు చెబితే సరిపోతుంది. ఫంగస్‌కు యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రలు గానీ, నోటి ద్వారా వేసుకునే ఫ్లూకోనజోల్ గానీ ఇస్తారు. గర్భిణులు ఫ్లూకోనజోల్ వాడకూడదు. మెడికల్ షాపులో ఈ ప్రశ్న ఎవరూ అడగరు, మీరే చెప్పాలి.

రెండోది బ్యాక్టీరియల్ వెజైనోసిస్. దీంట్లో దురద తక్కువ, వాసన ఎక్కువ. పలచగా, బూడిద రంగు కలిసిన తెలుపులో వస్తుంది. చేపలు కడిగిన నీచు వాసన. భర్తతో కలిసిన తర్వాత, బహిష్టు రోజుల్లో ఆ వాసన ఇంకా పెరుగుతుంది. బయటి నుంచి కొత్త క్రిమి వచ్చి చేరడం కంటే, లోపలి బ్యాక్టీరియాల్లో సమతూకం చెడడమే ఇందులో జరిగేది. లాక్టోబాసిల్లస్ తగ్గిపోయి వేరే జాతులు పెరుగుతాయి, పీహెచ్ 4.5 దాటిపోతుంది.

వాసన రాగానే మనవాళ్లు చేసే పని కడగడం. సబ్బు, డెట్టాల్ నీళ్లు, ఉప్పు నీళ్లు, పటిక నీళ్లు, ఈ మధ్య టీవీ ప్రకటనల పుణ్యమా అని వాసన వచ్చే వాష్ సీసాలు. లోపలికి పెట్టి కడిగే కొద్దీ మిగిలిన మంచి బ్యాక్టీరియా కూడా కొట్టుకుపోతుంది. వాసన రెండు రోజులు తగ్గి, నాలుగో రోజు ఇంకా ఎక్కువై వస్తుంది. మళ్లీ కడుగుతారు. లోపలి భాగాన్ని శరీరమే శుభ్రం చేసుకుంటుంది, మనం కడగాల్సింది బయటి భాగమే, అదీ మామూలు నీళ్లతో. శుభ్రత లేక వచ్చిందని కోడల్ని నిందించే అత్తగార్లు గమనించాల్సింది ఏమిటంటే, అతిగా కడిగేవాళ్లకే ఇది ఎక్కువ వస్తుంది. దీనికి మెట్రోనిడజోల్ మాత్రలు సాధారణంగా ఏడు రోజులు ఇస్తారు. నోరు చేదుగా, లోహం నాకినట్టు ఉంటుంది, కడుపులో తిప్పుతుంది. అందుకే మూడో రోజుకు వాసన పోగానే చాలామంది మానేస్తారు, అది తిరిగి వస్తుంది. పూర్తిగా వాడినా కొందరికి తిరగబెడుతుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2025లో ప్రచురించిన అధ్యయనంలో, భార్యతో పాటు భర్తకు కూడా మందు ఇచ్చిన జంటల్లో 12 వారాల లోపు ఇది తిరగబెట్టడం 63 శాతం నుంచి 35 శాతానికి తగ్గింది. పదేపదే వస్తున్నవాళ్లు ఈ సంగతి డాక్టరుతో మాట్లాడవచ్చు.

మూడోది ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవితో వచ్చేది. పసుపో, ఆకుపచ్చో కలిసిన రంగు, కొన్నిసార్లు నురగ, చెడు వాసన, దురద, మంట అన్నీ కలిసి వస్తాయి. ఇది కలయిక ద్వారానే అంటుకుంటుంది. మగవాడికి చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు, అందుకే "నాకేం లేదు, నాకెందుకు మందు" అంటాడు. భార్య ఒక్కతే మందు మింగితే వారం తిరక్కుండా మళ్లీ అంటుకుంటుంది. ఇద్దరూ వాడాలి, వాడుతున్నన్నాళ్లూ దూరంగా ఉండాలి.

ఈ తేడా తెలియకపోవడం వల్ల సంసారాల్లో చిచ్చు పుడుతుంది. కడప వైపు భర్త కువైట్‌లో ఉండగా ఇక్కడ భార్యకు దురదో వాసనో వస్తే, ఎవరేమనుకుంటారోనని ఆమె ఆసుపత్రికే పోదు. ఫంగస్ రావడానికి మగతోడు అవసరం లేదు. పెళ్లికాని పిల్లకు, ముట్లు నిలిచిన పెద్దామెకు కూడా వస్తుంది. బ్యాక్టీరియల్ వెజైనోసిస్ కూడా నడవడికకు సాక్ష్యం కాదు.

ఈ మూడింటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేవి కలయిక ద్వారా అంటుకుని గర్భసంచి ముఖద్వారానికి వచ్చే గనేరియా, క్లామిడియా. ఎందుకంటే ఇవి చప్పుడు చేయవు. చాలామందికి లక్షణమే ఉండదు, ఉన్నా కాస్త చీము చేరిన తెల్లబట్ట, భర్తతో కలిసిన తర్వాత చుక్క నెత్తురు. పట్టించుకోకపోతే పైకి పాకి గర్భసంచికి, ఫాలోపియన్ నాళాలకు చేరి, నాళాలు మూసుకుపోయి పిల్లలు పుట్టకుండా పోవచ్చు, గర్భం నాళంలోనే నిలిచే ప్రమాదమూ ఉంది. మన రాష్ట్రంలో ఇంకో చిక్కుంది. పెళ్లయిన ఆడవాళ్లలో 70 శాతం దగ్గర పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, కండోమ్ వాడకం నామమాత్రం. ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుంది కానీ ఇన్ఫెక్షన్‌ను ఆపదు. ఆపరేషన్ చేయించుకున్నప్పటి నుంచే తెల్లబట్ట మొదలైందని చాలామంది చెబుతారు గానీ, నాళాలకు ముడి వేయడం వల్ల తెల్లబట్ట రాదు.

పుస్తకంలో ఇవన్నీ ఇట్లా విడివిడిగా ఉంటాయి, మనిషి ఒంట్లో అంత తేటగా ఉండవు. రెండు కలిసి రావచ్చు. దురద ఉన్నదల్లా ఫంగస్ కాదు, సబ్బు పడకో, ప్యాడ్ ఒరుసుకునో కూడా రావచ్చు. కోసిగి, ఆదోని వైపు నుంచి సుగ్గికని, అంటే కూలి పనికి వలసగా, గుంటూరు మిరప చేలకు పోయే ఆడవాళ్లకు, కాయ కోసిన చేతులతో కడుక్కుంటే ఆ ఘాటు చాలు గంటల తరబడి మండడానికి. అందుకే చూసి, అవసరమైతే చిన్న పరీక్ష చేసి మందు ఇవ్వాలి. జరిగేది వేరు. ఆర్‌ఎంపీ దగ్గరో, మెడికల్ షాపులోనో నాలుగు మాత్రల కిట్టు చేతిలో పడుతుంది, అన్నిటికీ కలిపి ఒకే దెబ్బ. దాంతో పాటు దురదకు ఒక ట్యూబు. ఆ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. పూయగానే హాయిగా ఉంటుంది, నెలల తరబడి పూస్తే అక్కడి చర్మం పలచబడి, కింద ఫంగస్ ముదిరి, చివరికి డాక్టరు చూసినా అసలు రోగం పోల్చుకోలేని స్థితికి వస్తుంది.

ఇప్పుడు ఆ "పుండు" సంగతి. గర్భసంచి ముఖద్వారం బయటి వైపు గులాబీ రంగు గట్టి పొర, లోపలి కాలువ వైపు ఎర్రటి మెత్తటి పొర ఉంటాయి. వయసులో ఉన్నవాళ్లకు, గర్భిణులకు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు హార్మోన్ల వల్ల లోపలి ఎర్ర పొర కాస్త బయటికి తిరిగి కనిపిస్తుంది. చూడ్డానికి చర్మం గీసుకుపోయినట్టు ఉంటుంది కాబట్టి పూర్వం డాక్టర్లు దాన్ని "ఎరోజన్" అన్నారు, మన దగ్గర అది పుండు అయింది. ఆ పొరలోని గ్రంథులు జిగురు ఎక్కువ చేస్తాయి, అందుకే తెల్లబట్ట ఎక్కువగా ఉంటుంది. అది పుండు కాదు, దానికదే క్యాన్సర్‌గా మారదు. క్యాన్సర్ స్క్రీనింగ్ పరీక్ష ఒకటి చేసి బాగుందని తేలితే సాధారణంగా వదిలేయవచ్చు.

ఈ ఎర్ర పొరను చూపించి, లేదా స్కానింగ్ రిపోర్టులో "కాస్త పెద్దదిగా ఉంది" అన్న ముక్కను చూపించి గర్భసంచి తీసేయడం మన ప్రాంతానికి కొత్త కాదు. అదే 2019-21 సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. తెల్లబట్టకు ఈ ఆపరేషన్ ఎందుకు పనికిరాదో తెలుసుకోవడానికి డాక్టరీ చదవక్కర్లేదు. పైన చెప్పిన మూడు ఇన్ఫెక్షన్లూ ఉండేది యోనిలో. గర్భసంచి తీసేసినా యోని అక్కడే ఉంటుంది, ఇన్ఫెక్షనూ అక్కడే ఉంటుంది. అప్పు చేసి ఆపరేషన్ చేయించుకుని, ఆరు నెలలకు మళ్లీ తెల్లబట్ట అని వచ్చేవాళ్లు ఉండేది అందుకే. దాంతో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగిన శరీరం అవుతుంది, ఎముకల బలం నిజంగా పోయేది అప్పుడు. క్యాన్సర్‌కు, మందులకు లొంగని రక్తస్రావానికి, ఇబ్బంది పెట్టే పెద్ద గడ్డలకు, గర్భసంచి జారిపోయినప్పుడు ఈ ఆపరేషన్ అవసరం అవుతుంది. తెల్లబట్ట ఒక్కటే కారణంగా చెబితే, ఇంకో డాక్టరుకు చూపించకుండా సంతకం పెట్టకండి.

అట్లాగని క్యాన్సర్ భయం ఉత్తదని కాదు. 2022లో మన దేశంలో సుమారు 1.27 లక్షల మందికి గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ కొత్తగా వచ్చిందని, 80 వేల దాకా చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. దీని వల్ల వచ్చే తెల్లబట్ట తీరు వేరు. కుళ్లిన వాసనతో, నీళ్లలా, నెత్తురు చారలతోనో మాంసం కడిగిన నీళ్లలానో ఉంటుంది. భర్తతో కలిసిన తర్వాత నెత్తురు పడడం, రెండు బహిష్టుల మధ్య నెత్తురు, ముట్లు నిలిచి ఏడాది దాటాక ఒక్క చుక్క కనబడినా సరే, ఇవి సబ్జా నీళ్లతో వారం గడిపే లక్షణాలు కావు. ఆ వారంలోనే చూపించుకోవాలి. తొలి దశలో మాత్రం ఏ గుర్తూ ఉండదు. అందుకే 30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ కార్యక్రమంలో అయిదేళ్లకొకసారి వీఐఏ పరీక్ష పెట్టారు. ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేదే, దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్న చోట తెల్లగా మచ్చ తేలుతుంది. కోత లేదు, మత్తు లేదు.

ఆగకుండా ఆసుపత్రికి పోవాల్సిన సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి. తెల్లబట్టతో పాటు జ్వరం, పొత్తికడుపులో నొప్పి ఉంటే ఇన్ఫెక్షన్ పైకి పాకిందేమో చూడాలి. కాన్పు తర్వాతో, అబార్షన్ తర్వాతో దుర్వాసన, చలిజ్వరం వస్తే అది పచ్చి ఒంటికి గాలి తగిలి వచ్చిన జ్వరం కాదు, గంటల్లో ముదిరే ఇన్ఫెక్షన్ కావచ్చు. 108కు ఫోన్ చేయండి. గర్భిణికి ఉన్నట్టుండి లంగా తడిసేలా నీళ్లు కారితే తెల్లబట్ట అని ఊరుకోకూడదు, ఉమ్మనీరు పోతుండవచ్చు. పెద్దమనిషి కాని చిన్నపిల్లలకు వాసనతోనో, నెత్తురుతోనో వస్తుంటే నులిపురుగులు ఉండవచ్చు, ఆటలో లోపల ఏదైనా పెట్టుకుని ఉండవచ్చు, ఎవరైనా చెయ్యి వేసి ఉండవచ్చు. చివరిది ఊహించడానికే మనసు ఒప్పదు, అయినా పిల్లను కొట్టకుండా, బెదిరించకుండా అడిగి డాక్టరుకు చూపించాలి. ముట్లు నిలిచిన పెద్దవాళ్లకు పొడిబారి, మంటతో, పలచగా పసుపుగా కాస్త రావచ్చు. హార్మోన్ తగ్గడం వల్ల వచ్చే అది పైపూత మందుతో తగ్గుతుంది. కానీ నెత్తురు లేదని తేల్చుకోవాల్సింది డాక్టరు.

డాక్టరు దగ్గర ఏం జరుగుతుందో తెలియకపోవడమే చాలామందిని ఇంట్లో కూర్చోబెడుతుంది. ముందు ప్రశ్నలు ఉంటాయి: ఎన్నాళ్ల నుంచి, ఏ రంగు, వాసన, దురద, చివరి బహిష్టు ఎప్పుడు, గర్భం ఉందా, షుగర్ ఉందా, ఏమేం మందులు వాడారు. వాడిన మాత్రల అట్టలు, ట్యూబులు సంచిలో వేసుకుని పోండి, పేర్లు గుర్తుపెట్టుకునే బాధ తప్పుతుంది. తర్వాత స్పెక్యులమ్ అనే పరికరంతో లోపల చూస్తారు. ఒత్తిడిగా ఉంటుంది, ఊపిరి వదిలి నడుము వదులు చేస్తే నొప్పి పెద్దగా ఉండదు. దూదిపుల్లతో కాస్త తీసి పీహెచ్ కాగితం మీద అద్దుతారు, వీలుంటే సూక్ష్మదర్శిని కింద చూస్తారు. పెళ్లికాని పిల్లలకు సాధారణంగా స్పెక్యులమ్ పెట్టరు, బయటి నుంచి చూసి, సన్నని పుల్లతో నమూనా తీస్తారు. ఆ సంగతి తెలియక కూతుర్ని ఏళ్ల తరబడి తీసుకుపోని తల్లులు ఉన్నారు. బహిష్టు లేని రోజు చూసుకుని పోండి, ముందు రెండు రోజులు లోపల క్రీములు పెట్టకండి, పోయే ముందు లోపల కడుక్కోకండి. శుభ్రంగా పోవాలని కడిగేసుకుంటే చూడాల్సింది కాస్తా పోతుంది.

డబ్బు లేదని ఆగక్కర్లేదు. కర్నూలు పెద్దాసుపత్రిలో, అనంతపురం సర్వజన ఆసుపత్రిలో, కడప రిమ్స్‌లో స్త్రీల విభాగం ఉంది. జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇట్లాంటి ఇన్ఫెక్షన్లు చూసే సురక్ష క్లినిక్‌లు కూడా నడుస్తాయి. అక్కడ లక్షణాన్ని బట్టి రంగు కిట్లలో మందులు ఉచితంగా ఇస్తారు. యోనిలో ఇన్ఫెక్షన్ అనుకుంటే ఆకుపచ్చ కిట్టు, ముఖద్వారానిది అనుకుంటే బూడిద రంగుది, పొత్తికడుపు నొప్పితో ఉంటే పసుపుది. భర్తను కూడా రమ్మంటే అది నిందించడానికి కాదు, పైన చెప్పిన కారణానికే. కిట్టు వాడిన వారం తర్వాత కూడా తగ్గకపోతే అదే చీటీ పట్టుకుని రెండోసారి మెడికల్ షాపుకు పోకుండా, "మందు పూర్తిగా వాడినాను, తగ్గలేదు, ఈసారి లోపల చూసి చెప్పండి" అని డాక్టరును అడగండి.